పనయ్యాక చదువు: జెర్సీ సిటీ నుంచి ఒక చరిత్ర

జెర్సీ సిటీ ఒకప్పుడు పెన్సిళ్ళ ఊరు. జోసెఫ్ డిక్సన్ 1847లో ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టినప్పుడు లోహాలు కరిగించే గ్రాఫైట్ మూసలు తయారుచేసేవాడు. ఆ గ్రాఫైట్‌తోనే తర్వాత పెన్సిళ్ళు వచ్చాయి. అమెరికా బడిపిల్లలందరికీ తెలిసిన పసుపుపచ్చ టికొండరోగా పెన్సిలు ఆ కంపెనీదే. అదే ఏడు కోల్గేట్ వాళ్ళ సబ్బుల ఫ్యాక్టరీ కూడా న్యూయార్క్ నుంచి హడ్సన్ నదికి ఈవలి ఒడ్డుకు వచ్చింది. నది పొడుగునా రైలు గిడ్డంగులు, రేవులు, యంత్రశాలలు. పగలంతా వాటిలో పనిచేసి రాత్రి దీపం దగ్గర పుస్తకం తెరిచినవాళ్ళు ఈ ఊళ్ళో తరతరాలుగా ఉన్నారు. ఐరిష్ వాళ్ళు, జర్మన్లు, ఇటాలియన్లు, పోలిష్ వాళ్ళు, వాళ్ళ తర్వాత మనం.

ఆ పెన్సిళ్ళ ఫ్యాక్టరీ ఇప్పుడు డిక్సన్ మిల్స్ అనే అపార్టుమెంట్లు. కోల్గేట్ ఫ్యాక్టరీ 1980ల్లో మూతపడింది. 1924 నాటి పెద్ద గడియారం మాత్రం నది ఒడ్డున మిగిలింది. ఆ చుట్టుపక్కల ఆఫీసు టవర్లు లేచాయి. వాటిలో పనిచేయడానికి హైదరాబాదు, విజయవాడ, వరంగల్ నుంచి మనవాళ్ళు వచ్చారు. సాయంత్రం జర్నల్ స్క్వేర్ స్టేషన్లో పాత్ ట్రైన్ దిగి ఇళ్ళకు వెళ్ళే ఆడా మగా ఎంతోమంది పిల్లలు పడుకున్నాక లాప్‌టాప్ తెరిచి చదువుకు కూర్చుంటారు. వాళ్ళలో నేనూ ఒకదాన్ని. గుంటూరులో బీకాం చదివి, పెళ్ళయి ఇక్కడికి వచ్చి, ఇద్దరు పిల్లలు పుట్టాక, ఉద్యోగం చేస్తూ ఆన్‌లైన్‌లో అకౌంటింగ్ మాస్టర్స్ పూర్తిచేశాను.

ఈ చదువు మాట వస్తే అందరూ సాఫ్ట్‌వేర్ సంగతే ఎత్తుతారు. ఏ యాప్, ఏ ప్లాట్‌ఫామ్, వీడియోలు ఎలా ఉన్నాయి అని. దీని గతం వెతుక్కుంటూ పోయిన నాకు కనిపించింది వేరు. పోస్టు, రేడియో, కంప్యూటరు, ఫోను, ఇలా పాఠం వచ్చే దారి మారుతూ పోయింది. పని చేసుకుంటూ చదివే మనిషికి కావలసినవి మాత్రం నూట ముప్పై ఏళ్ళుగా మారలేదు. తను రాసింది చదివి జవాబిచ్చేవాళ్ళు ఒకరు. ఇంట్లో తన పని అందుకునేవాళ్ళు ఇంకొకరు. మొదటివాళ్ళ గురించి విద్యాచరిత్రల్లో పేజీలకు పేజీలున్నాయి. రెండోవాళ్ళ ఊసు ఎక్కడో తప్ప కనపడదు. ఈ వ్యాసం వాళ్ళిద్దరి గురించీ.

బొగ్గుగనుల నుంచి వచ్చిన పాఠాలు

పెన్సిల్వేనియా రాష్ట్రంలో స్క్రాంటన్ అని బొగ్గు ఊరొకటి ఉంది. అక్కడి నుంచి లాకవానా రైల్వే కంపెనీ బొగ్గును మా పక్కనున్న హొబోకెన్ రేవుకు చేరవేసేది. ఆ బొగ్గు ప్రాంతంలోని అవొండేల్ గనిలో 1869 సెప్టెంబరు 6న నిప్పంటుకుని 110 మంది చనిపోయారు. గనిలోంచి పైకి రావడానికి ఒక్కటే దారి, మంటలు ఆ దారిలోనే. ఆ ఘోరం తర్వాత పెన్సిల్వేనియా ప్రభుత్వం గనుల భద్రతకు చట్టాలు చేసింది. 1885 చట్టం వచ్చాక గని మేస్త్రీ కావాలంటే పరీక్ష పాసవ్వాలి. చిన్నతనంలోనే గనిలో దిగి, సంతకం దాటి చదువు తెలియని కార్మికుడికి ఆ పరీక్ష పెద్ద గోడ.

థామస్ జె. ఫాస్టర్ అనే పత్రికా సంపాదకుడు గనుల పనివాళ్ళ కోసం తన పత్రికలో ప్రశ్నలూ జవాబుల శీర్షిక నడిపాడు. దానికి వచ్చిపడిన ఉత్తరాలు చూసి, 1891లో పోస్టు ద్వారా గనుల కోర్సు మొదలుపెట్టాడు. అదే ఇంటర్నేషనల్ కరస్పాండెన్స్ స్కూల్స్‌గా పెరిగింది. చిన్న చిన్న పుస్తకాలుగా పాఠాలు వచ్చేవి. ఒక్కో పుస్తకం చివర ప్రశ్నలు. జవాబులు రాసి స్క్రాంటన్‌కు పంపిస్తే అక్కడ దిద్ది, తప్పు ఎక్కడుందో రాసి తిప్పి పంపేవాళ్ళు. అది పాసైతేనే తర్వాతి పుస్తకం. ఫీజు వాయిదాల్లో కట్టుకోవచ్చు. గనుల తర్వాత ఆవిరి యంత్రాలు, విద్యుత్తు, డ్రాయింగు, రైల్వే పనులు కూడా పాఠాలయ్యాయి. 1906 నాటికి చేరినవాళ్ళ సంఖ్య 9 లక్షలు. జెర్సీ సిటీ లాంటి రైళ్ళ ఊళ్ళో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు పైమెట్టు ఎక్కాలంటే ఇంతకంటే దగ్గరి దారి లేదు.

అయితే చేరినవాళ్ళలో చివరిదాకా నిలబడినవాళ్ళు చాలా కొద్దిమంది. ఎక్కువమంది మొదటి కొన్ని పుస్తకాల దగ్గరే ఆగిపోయారు. వాళ్ళకు పట్టుదల లేదని అప్పటి పెద్దమనుషులు తేల్చేశారు. నేనలా అనుకోను. పది గంటలు గనిలోనో యంత్రం దగ్గరో ఒళ్ళు హూనం చేసుకున్నవాడికి, పిల్లలు ఏడుస్తున్న రెండు గదుల ఇంట్లో, త్రికోణమితి తలకెక్కడం ఎంత కష్టమో ఫాస్టర్ కంపెనీకి తెలియాల్సిన అవసరం లేకపోయింది. దిద్దేవాళ్ళను అది ఏర్పాటు చేయగలిగింది. ఇంట్లో పని అందుకునేవాళ్ళ సంగతి దాని లెక్కలో లేదు.

ఊళ్ళో రాత్రి బళ్ళు

పరాయి దేశాల నుంచి వచ్చిన పెద్దవాళ్ళకు సాయంత్రం బళ్ళు పెట్టడానికి చట్టం చేసిన మొదటి రాష్ట్రాల్లో న్యూజెర్సీ ఒకటి, 1907లో. ఇంగ్లీషు, పౌరశాస్త్రం అక్కడి పాఠాలు. జెర్సీ అవెన్యూలోని పబ్లిక్ లైబ్రరీ భవనం అప్పటికే ఉంది, 1901లో కట్టినది. నేనిప్పటికీ అక్కడ కూర్చుంటాను. ఆ పెద్ద కిటికీల కింద ఎన్ని భాషల వాళ్ళు ఇంగ్లీషు వ్యాకరణంతో కుస్తీ పట్టారో అనుకుంటే, పక్క కుర్చీలో నర్సింగ్ పరీక్షకు చదువుతున్న ఫిలిపినో అమ్మాయి నాకు కొత్త మనిషిలా అనిపించదు.

ఊళ్ళోని సెయింట్ పీటర్స్ కాలేజీకి 1872లో అనుమతి వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో, 1918లో మూసేశారు. 1930లో మళ్ళీ తెరిచారు. అమ్మాయిలను పూర్తిగా పగటి తరగతుల్లోకి తీసుకున్నది మాత్రం 1966లోనే. అంతకుముందు ఆడవాళ్ళకు దొరికినది సాయంత్రం తరగతుల తలుపే. పగటి చదువు వయసులో ఉన్న మగపిల్లలది, రాత్రి చదువు మిగిలిన అందరిదీ అన్నమాట.

ఊరి ఉపాధ్యాయులను తయారుచేయడానికి 1929లో తరగతులు మొదలుపెట్టిన నార్మల్ స్కూలు 1935లో టీచర్స్ కాలేజీ అయింది, 1958లో జెర్సీ సిటీ స్టేట్ కాలేజీ అయింది, 1998లో న్యూజెర్సీ సిటీ యూనివర్సిటీ అయింది. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు చదువు ఖర్చు ఇచ్చే చట్టం 1944లో వచ్చాక దేశమంతా కాలేజీల ముందు పెద్ద వయసు విద్యార్థులు బారులు తీరారు. పెళ్ళయినవాళ్ళు, పిల్లల తండ్రులు. మా ఊళ్ళో వాళ్ళ కోసం 1946లో డికిన్సన్ హైస్కూలు భవనంలో జూనియర్ కాలేజీ తెరిచారు. కాలేజీ విద్యార్థి అంటే పద్దెనిమిదేళ్ళ కుర్రాడనే అభిప్రాయం మొదటిసారి కదిలింది అప్పుడే.

1970ల్లో ఇంకో రెండు అడుగులు పడ్డాయి. 1974లో వచ్చిన హడ్సన్ కౌంటీ కమ్యూనిటీ కాలేజీ మొదట్లో సొంత తరగతులు పెట్టుకోకుండా, ఇరుగుపొరుగు కాలేజీలతో ఒప్పందాలు చేసుకుని తన విద్యార్థులకు చదువు చెప్పించింది. ఇప్పుడది జర్నల్ స్క్వేర్ చుట్టూ విస్తరించి ఉంది. ఇంగ్లీషు పట్టు కోసమో, చిన్న సర్టిఫికెట్ కోసమో మన ఆడవాళ్ళు మొదట గడప తొక్కేది అక్కడే. రెండోది అంతకంటే ధైర్యమైన అడుగు. 1972లో న్యూజెర్సీ ప్రభుత్వం పెద్దవాళ్ళ కోసమే ట్రెంటన్‌లో ఒక కాలేజీ పెట్టింది. దానికి తరగతి గదులు లేవు. పరీక్ష రాసి క్రెడిట్లు తెచ్చుకోవచ్చు, ఉద్యోగంలో నేర్చుకున్నది నిరూపించుకుని క్రెడిట్లు తెచ్చుకోవచ్చు, వేరువేరు చోట్ల చదివి మధ్యలో ఆపేసిన క్రెడిట్లను ఒకచోట చేర్చుకోవచ్చు. బడి చదువు పెద్దగా లేకుండానే అంతటివాడైన థామస్ ఎడిసన్ పేరు దానికి పెట్టారు. 2015 నుంచి అది థామస్ ఎడిసన్ స్టేట్ యూనివర్సిటీ. మనిషి బతుకులో నేర్చుకున్నదానికి కూడా విలువ కట్టాలన్న ఆలోచన ఒక ప్రభుత్వ సంస్థ రూపం తీసుకోవడం నాకు చాలా గొప్పగా తోస్తుంది.

మన వైపు ఇదే కథ

సముద్రానికి అవతల, మన దగ్గర, ఇదే అవసరం ఇంకోలా తలుపు తట్టింది. రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయి ఉప్పు సత్యాగ్రహంలో జైళ్ళకు వెళ్ళివచ్చాకే బనారస్ మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా చదివింది. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీఏ, మద్రాసులో లా. తను నడిచిన ఆ అడ్డదారినే మిగతా ఆడవాళ్ళకు రహదారి చేసింది. మద్రాసులో 1937లో మొదలైన ఆంధ్ర మహిళా సభలో బనారస్ మెట్రిక్‌కు తరగతులు నడిపారు. వితంతువులు, భర్త వదిలేసినవాళ్ళు, చిన్నప్పుడే బడి మాన్పించినవాళ్ళు అక్కడికి వచ్చారు. ఆమె కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు, 1958లో ఆ పద్ధతే దేశవ్యాప్త పథకంగా మారింది. కొన్నేళ్ళ బడి చదువును రెండేళ్ళకు కుదించి పెద్దవయసు స్త్రీలకు చెప్పే కోర్సులు. వాటిలో చాలా భాగం అక్కడే ఉండి చదువుకునేవి. ఇక్కడే దుర్గాబాయి దూరదృష్టి కనిపిస్తుంది. ఆడమనిషి ఇంట్లో ఉన్నంతకాలం ఇంటిపని ఆమెను వదలదని ఆమెకు తెలుసు. పుస్తకం ఇచ్చి ఊరుకోలేదు, పొయ్యి దగ్గర్నుంచి కొన్నాళ్ళు పక్కకు తీసుకొచ్చింది.

ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లో కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెడితే, ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో మొదలుపెట్టింది. ఎల్డీసీ గుమాస్తాలు, సెకండరీ గ్రేడు టీచర్లు, బ్యాంకు క్లర్కులు వాల్తేరు నుంచి పోస్టులో వచ్చే పాఠాలతో బీఏలు, ఎంఏలు అయ్యారు. అయినా కాలేజీ గడప తొక్కాలంటే ఇంటర్ ఉండాల్సిందే. ఆ గడప తగ్గించింది 1982 ఆగస్టు 26న పుట్టిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. భారతదేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. అప్పటి ముఖ్యమంత్రి భవనం వెంకట్రామ్. మొదటి వైస్ ఛాన్సలర్ జి. రామ్ రెడ్డి, ఆ తర్వాత 1985లో వచ్చిన ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా మొదటి వైస్ ఛాన్సలర్ ఆయనే. 1991 నుంచి మన యూనివర్సిటీ పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం.

ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చన్న మాట మా అమ్మకు ఎవరు చెప్పారో గానీ, ఆమె జీవితంలో అంత పెద్ద మాట ఇంకొకటి లేదు. పదో తరగతి కాగానే పెళ్ళి. ముగ్గురు పిల్లలు. నేను బడికి వెళ్ళే తొలి రోజుల్లోనే ఆమె కూడా విద్యార్థి అయింది. లేత రంగు అట్టల తెలుగు పాఠ్యపుస్తకాలు పోస్టులో వచ్చేవి. ఆదివారాలు గుంటూరులో ఒక కాలేజీ గదుల్లో కాంటాక్టు క్లాసులు. రేడియోలో పాఠాలు వస్తుంటే వంటింట్లో కూరలు తరుగుతూ వినేది. మధ్యలో కుక్కర్ కూత వస్తే చెయ్యెత్తి అందర్నీ ఆగమనేది, కుక్కర్ని కూడా.

ఆ ఆదివారాలు మా ఇంట్లో పొయ్యి వెలిగించింది మా నాయనమ్మ. కోడలు చదువుకోవడం ఆమెకు ఇష్టమని నేను చెప్పలేను. కానీ తెల్లవారుజామునే లేచి అమ్మకు క్యారేజీ కట్టేది, మా ముగ్గురికీ తలంట్లు పోసేది. అమ్మ బీఏ పాసయింది. పట్టా మీద నాయనమ్మ పేరు లేదు, ఉండాల్సింది అని నాకు ఈ వయసులో గట్టిగా అనిపిస్తుంది.

ఆ యూనివర్సిటీ చేసిన మేలు ఇంకొకటి ఉంది. రాజనీతిశాస్త్రం, చరిత్ర, ఆర్థికశాస్త్రం డిగ్రీ స్థాయిలో, తనంతట తను చదువుకుంటే అర్థమయ్యే తెలుగులో రాయించింది. గ్రూప్ వన్, గ్రూప్ టూ పరీక్షలకు చదివేవాళ్ళు తెలుగు అకాడమీ పుస్తకాల పక్కన అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ పుస్తకాలు పెట్టుకునేది ఇందుకే. పక్కన మాస్టారు లేడని తెలిసి రాసిన పుస్తకం అడుగడుగునా ప్రశ్న అడుగుతుంది, జవాబు సరిచూసుకోమంటుంది. మంచి దూరవిద్య ఎక్కడైనా అలాగే ఉంటుంది.

న్యూవార్క్‌లో పుట్టిన తరగతి గది

జర్నల్ స్క్వేర్‌లో పాత్ ట్రైన్ ఎక్కితే కాసేపట్లో న్యూవార్క్ వస్తుంది. అక్కడి న్యూజెర్సీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో మన పిల్లలు వందలమంది చదివారు, చదువుతున్నారు. వాళ్ళలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. నేటి ఆన్‌లైన్ తరగతికి పునాది పడ్డ చోట్లలో అది ముఖ్యమైనది. మర్రే టూరాఫ్ అనే శాస్త్రవేత్త 1976లో అక్కడ ఈఐఈఎస్ అనే కంప్యూటర్ సమావేశ వ్యవస్థను తయారుచేశాడు. వేరువేరు ఊళ్ళలో ఉన్నవాళ్ళు, వేరువేరు సమయాల్లో, ఫోను తీగ మీద కంప్యూటరుకు కలిసి, ఒకరి మాటకు ఒకరు జవాబు రాసుకునే ఏర్పాటు అది. స్టార్ రాక్సాన్ హిల్ట్జ్ అనే సమాజశాస్త్రవేత్త ఆయనతో కలిసి 1978లో ‘ద నెట్‌వర్క్ నేషన్’ అనే పుస్తకం రాసింది. తర్వాత ఆ వ్యవస్థ మీదే ‘వర్చువల్ క్లాస్‌రూమ్’ కట్టింది. 1980ల మధ్యలో అసలైన కాలేజీ కోర్సులను దాని మీద నడిపి, మామూలు తరగతులతో పోల్చిచూసింది.

ఆమె తేల్చిన విషయాన్ని ఈ రంగంలో ఇప్పటికీ తలుస్తారు. యంత్రం దానంతటది చదువు చెప్పదు. మాస్టారు వెంటవెంటనే పలుకుతూ, విద్యార్థులు ఒకరి రాతకు ఒకరు స్పందిస్తూ ఉన్నప్పుడు ఫలితాలు తరగతి గదికి తీసిపోవు. మనిషి జవాబు లేని చోట విద్యార్థి జారిపోతాడు. స్క్రాంటన్‌లో ఎర్రసిరాతో దిద్దిన కాగితం చేసిన పనినే న్యూవార్క్ కంప్యూటరు వేగంగా చేసింది.

ఈ చదువు మీద అనుమానాలు కూడా ఊరికే రాలేదు. డబ్బు దండుకోవడానికే పుట్టిన కరస్పాండెన్స్ స్కూళ్ళు అమెరికాలో కొల్లలు. 1992లో ఫెడరల్ ప్రభుత్వం కట్టడి చేసింది. సగానికి మించి చదువు దూరం నుంచే చెప్పే కాలేజీల్లో విద్యార్థులకు ప్రభుత్వ సాయం అందదంది. ఆన్‌లైన్ చదువు పెరిగాక, 2006లో దానికి మాత్రం ఆ నియమం ఎత్తేసింది. 2014లో జార్జియా టెక్ ఏడు వేల డాలర్ల లోపు ఖర్చుతో కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ పూర్తిగా ఆన్‌లైన్‌లో మొదలుపెట్టేసరికి, ఇక్కడి తెలుగు సాఫ్ట్‌వేర్ ఇళ్ళలో ఆ కోర్సు పొట్టిపేరు ఓఎంఎస్‌సీఎస్ ఇంటిమాట అయిపోయింది.

వీసా, వంటిల్లు, చదువు

మా తరం ఆడవాళ్ళ కథ ఇక్కడ మొదలవుతుంది. హెచ్ వన్ బీ ఉద్యోగి భార్య హెచ్ ఫోర్ మీద వస్తుంది. 2015 దాకా ఆ వీసా మీద ఎవరూ ఉద్యోగం చేయకూడదు, చదువుకోవచ్చు. ఇంజనీర్లు, లెక్చరర్లు, బ్యాంకు ఆఫీసర్లు అయిన ఆడవాళ్ళు ఇక్కడికి వచ్చి ఏళ్ళకు ఏళ్ళు నాలుగు గోడల మధ్య ఉండిపోయారు. విద్యార్థి వీసా ఎఫ్ వన్‌కు మారితే చదువయ్యాక ఉద్యోగానికి దారి దొరుకుతుంది. కానీ అక్కడ ఇంకో మెలిక. ఎఫ్ వన్ విద్యార్థి పూర్తికాలం చదవాలి, దానిలో టర్ముకు ఒక్క ఆన్‌లైన్ కోర్సే లెక్కకు వస్తుంది. పాలు తాగే బిడ్డ తల్లి రోజూ క్యాంపస్‌కు వెళ్ళాలి. అప్పట్లో హెచ్ ఫోర్ మీదే ఉంటే ఇంట్లో కూర్చుని చదవొచ్చు, చదివాక ఇంట్లోనే కూర్చోవాలి. ఈ రెండింటి మధ్య నలిగిన స్నేహితురాళ్ళు నాకు చాలామంది ఉన్నారు.

2015 మే 26 నుంచి, గ్రీన్ కార్డు దారిలో కొంత దూరం వచ్చినవాళ్ళ భార్యలకో భర్తలకో పని అనుమతి ఇచ్చారు. నేను పెళ్ళయి వచ్చి పదేళ్ళు దాటింది అప్పటికి. మాన్‌హాటన్‌లో ఒక ఆఫీసులో బిల్లుల లెక్కలు చూసే ఉద్యోగం దొరికింది. సీపీఏ, అంటే లైసెన్సున్న అకౌంటెంటు, కావాలంటే న్యూజెర్సీలో అప్పుడు 150 క్రెడిట్లు కావాలి. మన మూడేళ్ళ బీకాం దానికి చాలా తక్కువ పడింది. మళ్ళీ చదవక తప్పలేదు. ఇక్కడ పనివాళ్ళకు మేలు చేసే నియమం ఒకటుంది, 1978 పన్ను చట్టంలో మొదలైంది. ఉద్యోగి చదువుకు కంపెనీ ఏడాదికి 5,250 డాలర్ల దాకా ఇస్తే దానిమీద ఉద్యోగికి పన్ను లేదు. మా కంపెనీ ఇచ్చిన ఆ సాయంతోనే నా చదువు సగం నడిచింది. చాలామంది మనవాళ్ళు ఈ సాయం సంగతి అడగకుండానే సొంత డబ్బు కట్టేస్తారు. ముందు హెచ్చార్ దగ్గరికి వెళ్ళి అడగండి.

చదువు ఎక్కడ జరిగిందంటే, ముక్కలు ముక్కలుగా, ఊరంతా జరిగింది. పాత్ ట్రైన్ సొరంగంలో సిగ్నల్ పోయేది కాబట్టి లెక్చర్లు ముందే ఫోనులోకి దించుకునేదాన్ని. ఆ సొరంగాలు 1908, 1909 నాటివి. వాటిలో దినపత్రిక చదివినవాళ్ళు, కరస్పాండెన్స్ పాఠాలు చదివినవాళ్ళు ఎందరో. డిస్కషన్ బోర్డులో రాసే జవాబులు పిల్లాడి ఈత క్లాసు బయట బెంచీ మీద. ఆదివారం అర్ధరాత్రికి ఒక నిమిషం ముందు గడువు. ఆ గడువు పెట్టినవాళ్ళకు సోమవారం పొద్దున్నే పిల్లల లంచ్ బాక్సులు ఉంటాయన్న ఆలోచన రాలేదు. మా అమ్మకు గుంటూరులో పొద్దున అయ్యేవేళకు నాకు రాత్రి. ఫోను చేసి, "ఏమే, పుస్తకం ముందు కూర్చున్నావా, పెట్టెయ్యనా?" అనేది. ఎందుకు పెట్టేయాలో ఆమెకు తెలుసు.

అన్నిటికంటే కష్టం పరీక్షలు. కెమెరాతో గది నాలుగు గోడలూ చూపించాలి. తలుపు మూసి ఉండాలి. ఇంకో మనిషి గొంతు వినపడితే పరీక్ష ఆగిపోతుంది. ఒక్క బెడ్‌రూమ్ ఇంట్లో ఇద్దరు పిల్లలతో ఆ షరతు ఎలా కుదురుతుంది? మా ఆయన వాళ్ళిద్దర్నీ లింకన్ పార్కుకు తీసుకెళ్ళేవారు. వానపడితే పక్క ఫ్లాటు గుజరాతీ ఆవిడ ఇంటికి పంపేవాళ్ళం. ఆవిడను పిల్లలు బా అని పిలుస్తారు. నా డిగ్రీలో ఆవిడ పెట్టిన ఖాఖ్రాల పాత్ర ఉంది.

2020 మార్చిలో న్యూజెర్సీ అంతా ఇళ్ళల్లోకి వెళ్ళిపోయినప్పుడు, భర్త మీటింగు, పిల్లల బడి, తల్లి చదువు ఒకే డైనింగ్ టేబుల్ మీదికి వచ్చాయి. ఆ జూలైలో అంతా ఆన్‌లైన్‌లో చదివే ఎఫ్ వన్ విద్యార్థులు దేశం వదలాలని ప్రభుత్వం ప్రకటించింది. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకు వెళ్ళాయి. ఎనిమిది రోజులకు, జూలై 14న ఆ ఆదేశం వెనక్కి పోయింది. మా బిల్డింగులో ఉండే కుర్రాళ్ళు ఆ వారమంతా నిద్రపోలేదు.

పేరు రాయని మనుషులు

1920ల తొలినాళ్ళలో బోస్టన్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదువుతూ, పొట్టగడవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా పనిచేశాడు. పగలు చదువు, రాత్రి రోగుల గదులు శుభ్రం చేయడం. ఫోలిక్ ఆమ్లం, క్యాన్సర్ మందులు, టెట్రాసైక్లిన్ల వెనుక ఉన్న ఆ మహామనిషి పనిచేసిన లెడర్లే ప్రయోగశాల మా ఊరికి ఉత్తరాన, న్యూజెర్సీ సరిహద్దు దాటగానే పెర్ల్ రివర్‌లో ఉండేది. ఆయన చదువుకు మామగారు డబ్బిచ్చారు, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ డబ్బిచ్చింది. ఈ లెక్కలు జీవితచరిత్రల్లో ఉన్నాయి. ఆయన భార్య శేషగిరి మాత్రం ఆంధ్రదేశంలో ఉండిపోయింది. ఆయన తిరిగి రాలేదు. 1948లో ఆయన పోయేదాకా ఆమె చేసిన నిరీక్షణను ఎవరి లెక్కలో రాయాలి?

చదువుకునేవాళ్ళు వెలిగితే వెలుగు వాళ్ళ మీదే పడుతుంది. దాని ఖరీదు ఇంకెవరో ఇంట్లో కట్టి ఉంటారు. ఇక్కడి తెలుగు ఇళ్ళలో ఆ ఖరీదు ఎక్కువగా కట్టేది అమ్మలు, అత్తయ్యలు. విజిటర్ వీసా మీద ఆరునెలలకు వస్తారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చేలా టికెట్లు చూసుకునే ఇళ్ళు ఎన్నో. భాష రాని దేశంలో, చలిలో, గడప దాటకుండా మనవల్ని చూసుకుంటారు. ఎంత డిగ్రీ, ఎంత ఉద్యోగం ఆ ఆరునెలల మీద నిలబడిందో ఏ యూనివర్సిటీ నివేదికలోనూ ఉండదు. కూరలు వండి డబ్బాల్లో పంపే ఆంటీలు, ఇంట్లో పిల్లల్ని ఉంచుకునే పక్కింటివాళ్ళు, శనివారం వంట తనదని చెప్పి ఆ మాట నిలబెట్టుకునే భర్తలు, వీళ్ళందరూ ఈ చదువు చరిత్రలో భాగం.

కాబట్టి యూనివర్సిటీలను నేను కోరేది కొత్త యాప్ కాదు. పెద్దవాళ్ళ కోసం పెట్టిన కోర్సులో గడువులు పెద్దవాళ్ళ వారం చూసి పెట్టండి. పిల్లాడికి జ్వరమొస్తే రెండు రోజులు ఆగే వీలు ముందే రాసిపెట్టండి. ఇంట్లో ప్రశాంతమైన గది లేనివాళ్ళకు, ఊరి లైబ్రరీలో పరీక్ష రాసే వీలు ఇవ్వండి. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1980ల్లోనే ఊళ్ళోని కాలేజీ గదులను ఆదివారాలు తన విద్యార్థులకు తెరిపించగలిగింది. 2020ల్లో అమెరికా అది చేయలేదంటే నేను నమ్మను.

కొత్తగా వచ్చిన అమ్మాయిలు మా ఊరి న్యూవార్క్ అవెన్యూలో కూరగాయల దగ్గర కనిపించి, "అక్కా, ఏ యూనివర్సిటీ మంచిది?" అని అడుగుతుంటారు. నేను ర్యాంకులు చెప్పను. రెండు సంగతులు కనుక్కోమంటాను. నువ్వు రాసిన అసైన్‌మెంటు మీద మాస్టారు ఎన్ని రోజులకు, ఎంత వివరంగా జవాబిస్తారో అక్కడ చదివినవాళ్ళను అడుగు. వారంలో ఏ సాయంత్రాలు వంట, పిల్లలు నీవి కావో, ఎవరివో ఇంట్లో కూర్చుని పేర్లతో సహా కాగితం మీద రాయించు. ఈ రెండూ తేలాక ఫీజు కట్టు. అంతకుముందు కట్టకు.